ఆగండిగారి తెల్లచొక్కాలు

మా ఆయన్ని ప్లాంటులో అందరూ ఆగండిగారు అంటారు. ముఖాన అనరు, వెనకాల అంటారు. కాపురానికి వచ్చిన కొత్తలోనే ఈ సంగతి నా చెవిన పడింది. పక్క క్వార్టర్లో ఉండే బాయిలర్ ఇన్‌చార్జిగారిది పెద్ద గొంతు, మా రెండిళ్ల మధ్య గోడేమో సన్నం. "ఆ ఆగండిగారు మళ్లీ ఆపేశాడే, పొద్దుటినుంచీ ఆయిలు తగలబెడుతూ కూర్చున్నాం" అని ఆయన భార్యతో మొత్తుకుంటుంటే, ఇవతల గిన్నెలు తోముతూ అంతా విన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం ఈయన చెప్పులు విప్పుతుండగానే నిలదీశాను.

"మిమ్మల్ని పట్టుకుని ఆ పేరేమిటండీ? ఊరుకుంటారేం?"

"ఆపేవాణ్ణి ఆగండిగారు అనక పరిగెత్తండిగారు అంటారా?" అన్నారు, తాపీగా మొహం కడుక్కుంటూ.

ఆ మనిషంతే. నాకు ముక్కు మీదే కోపం, ఆయనకి కోపమంటే ఏమిటో తెలియదు. ఇన్నేళ్లుగా ఆయన వాటా కోపం కూడా నేనే పడుతున్నాను.

మాది బొగ్గు మండించి కరెంటు తీసే ప్లాంటు. అందులో నీళ్ల ల్యాబుకి ఆయన కెమిస్టు. సంబంధం కుదిరినప్పుడు మా పిన్ని "నీళ్లు చూసే ఉద్యోగమా? అంటే పంపు దగ్గర కూర్చుంటాడా?" అని మూతి విరిచింది. నాకూ సరిగ్గా తెలియక నీళ్లు నమిలాను. తర్వాత ఆయనే ఒకరోజు టీ కెటిల్ మూత తీసి, లోపల పట్టిన తెల్లటి పెచ్చుని గోటితో గీకి చూపించారు.

"ఇది నీళ్లలోంచి వచ్చిందే. నీళ్లు ఆవిరైపోయాయి, ఇది మిగిలింది. మా బాయిలర్ కూడా కెటిలే, కాకపోతే మేడంత కెటిల్. అందులోంచి వచ్చే ఆవిరి వెళ్లి టర్బైన్ రెక్కల్ని తిప్పుతుంది. నీళ్లలో ఇసుక కరిగి ఉంటుంది, దాన్ని సిలికా అంటాం. ప్రెషర్ తక్కువున్నప్పుడు బుద్ధిగా బాయిలర్లోనే పడి ఉంటుంది. ప్రెషర్ పెంచేకొద్దీ ఆవిరితో కలిసి లేచిపోయి, ఆ రెక్కల మీద కూర్చుంటుంది. కెటిల్లో పెచ్చు గోటికి వచ్చింది కదా, అక్కడ పట్టేది గాజు. దాని దగ్గర గోళ్లు పనికిరావు."

అందుకని, ఆపిన బాయిలర్ని మళ్లీ వెలిగించినప్పుడల్లా ప్రెషర్‌ని మెట్టు మెట్టుగా పెంచుతారట. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, అడుగునుంచి పాత నీళ్లు కొంత వదిలేసి, శుభ్రమైన నీళ్లు ఎక్కించి, సిలికా తగ్గేదాకా కాచుకోవాలి. అందాకా బొగ్గు వేయకుండా ఆయిలే మండిస్తూ ఉండాలి. తగ్గిందో లేదో తేల్చేది ఈయన. బాయిలర్ నీళ్లు కాసిని పొడుగాటి గాజు గొట్టంలో పట్టి ఏవో మందులు వేస్తే, సిలికా ఉన్న మేరకి నీళ్లు నీలంగా మారతాయి. ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే ఉందా లేదా అన్నంత లేత నీలం. గొట్టాన్ని తెల్లటి పలక మీద నిలబెట్టి, పైనుంచి లోపలికి చూసి, కంట్రోల్ రూముకి ఫోన్ చేసి రెండు మాటల్లో ఒకటి చెబుతారు. ఆగండి, లేకపోతే పెంచండి. ఎక్కువసార్లు మొదటిదే చెప్పేవారు కాబట్టి ఆ పేరొచ్చింది.

నీలాన్ని కొలిచే మెషిన్ కూడా ల్యాబులో ఉంది. పక్కన పెట్టి పోల్చుకోవడానికి లేత నుంచి ముదురు దాకా నీలాలు నింపిన గొట్టాల వరస ఒకటి ఉంది. మొదట్లో ఆ వరస లేకుండా మాట ఇచ్చేవారు కాదు. రానురాను దాన్ని అల్మారాలో పెట్టేశారు. ఈయన ఉత్త కంటితో చూసి ఇంత అనడం, తర్వాత మెషిన్లో పెడితే అంతే రావడం, ల్యాబులో అదొక సరదా అయిపోయింది. ఆ మనిషికి గర్వమంటూ ఉంటే తన కంటి మీద ఒక్కటే.

ఇంట్లో ఆయనతో వేగడం వేరే కథ. గ్లాసులో మంచినీళ్లు పోసుకునే ముందు అవే నీళ్లతో గ్లాసు తొలిపి పారబోస్తారు, మళ్లీ తొలుపుతారు. శాంపిల్ పట్టే సీసాని ఆ శాంపిల్‌తోనే కడగాలట. తాగేది గుక్కెడు, పారబోసేది చెంబెడు. "ఇది ల్యాబు కాదండీ, నేను మోసి తెచ్చిన నీళ్లు" అని నేను అరుస్తూనే ఉంటాను, ఆయన తొలుపుతూనే ఉంటారు.

ఇక చొక్కాలు. ల్యాబులో పనిచేసేవాడు తెల్లచొక్కానే వేసుకోవాలని ఆయన పట్టుదల, మందు చుక్క పడితే వెంటనే కనిపించాలి కదా అంటారు. అల్మారా నిండా తెల్లవే. ఆ తెలుపు మాత్రం నా చేతి చలవ, ఎవరు కాదన్నా ఒప్పుకోను. బకెట్ నీళ్లలో చిటికెడు నీలిమందు వేసి, గడ్డలు లేకుండా కలిపి, ఉతికిన చొక్కాని ఒక్కసారి ముంచి తీసి ఆరేస్తే మల్లెపువ్వులా ఉండేది. ఈమధ్య నీలిమందు కూడా కల్తీ అయిపోయింది. చిటికెడు చాలక చెంచాడు వేశాను, అయినా చొక్కాలు పచ్చగానే ఉండేవి. కొట్టువాణ్ణి పట్టుకుని దులిపేశాను. వాడు వేరే కంపెనీది ఇచ్చాడు, అదీ అంతే. చివరికి గుప్పిళ్లతో పోస్తే గానీ నాకు నచ్చిన తెలుపు రాలేదు.

అలా ఉండగా, ప్లాంటుని పెద్ద రిపేరుకి ఆపి తిరిగి వెలిగించారు. అలాంటి రోజుల్లో ఈయన ఇంటి మొహం చూడరు. డబ్బాలో అన్నం పెట్టి ల్యాబుకి పంపడం నాకు అలవాటే. అలాంటిది, ఆరోజు మధ్యాహ్నానికే ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నారు. ఆ వెనకే బాయిలర్ ఇన్‌చార్జిగారు గోడ మీదుగా తల పెట్టారు.

"చెల్లెమ్మా, మా బావకి ఏం పెడుతున్నావో గానీ అదే పెట్టు. మనిషి మారిపోయాడు. చూడటం, పెంచండి అనడం. నా సర్వీసులో ఇంత హాయిగా బాయిలర్ ఎక్కించింది లేదు. ఇకనుంచి పేరు మార్చేస్తాం, పెంచండిగారు."

ఆయన మాటకి నేనూ నవ్వాను. కానీ మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఇన్నేళ్లలో ఆ గోడ మీదుగా తిట్లు తప్ప మెప్పు వచ్చిన పాపాన పోలేదు.

"అంత తొందరగా ఎలా వదిలేశారండీ?" అని అడిగాను.

"నీళ్లు అంత బాగున్నాయోయ్. రిపేరులో లోపలంతా కడిగారు కదా. మా మెషినే పిచ్చెక్కినట్టు అంకెలు చూపిస్తోంది. పాతదైపోయింది, బాగుచేయడానికి పంపించేశా."

సరే, ఆయన పని ఆయనకి తెలియదా అనుకుని ఊరుకున్నాను.

కొన్నాళ్లకి బాయిలర్లో ఏదో గొట్టం చిల్లుపడి మళ్లీ ఆపారు. అతుకు వేశారు, మర్నాడు వెలిగించాలి. ఆ సాయంత్రం ఈయన మీటింగులో ఉన్నప్పుడు ల్యాబులో అసిస్టెంట్ కెమిస్టుగా చేసే అమ్మాయి మా ఇంటికొచ్చింది. నెమ్మదస్తురాలు, తన పనేదో తాను చూసుకునే పిల్ల. ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని, చల్లారిపోయేదాకా తాగకుండా కూర్చుంది. నాకు ఓపిక తక్కువ.

"ఏమిటమ్మా, చెప్పేదేదో చెప్పేయ్. నేనేం కొరుక్కు తిననులే."

సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కళ్ల డాక్టరు చీటీ.

"నా కళ్లు బాగానే ఉన్నాయట ఆంటీ. సార్ పరీక్ష చేయించుకోమంటే వెళ్లాను."

"ఆయన నిన్నెందుకు పంపారు?"

"క్రితంసారి బాయిలర్ వెలిగించినప్పుడు గొట్టంలో నాకు నీలం కనిపించింది. బాగానే కనిపించింది. సార్ తెల్లగా ఉందన్నారు. మెషిన్లో పెడితే నేను చెప్పినట్టే వచ్చింది. మందులు పాడయ్యాయి, కొత్తవి కలుపు అన్నారు, కలిపాను. గొట్టాలు సరిగ్గా కడగలేదన్నారు, కడిగాను. ఆఖరికి మెషిన్ పోయిందన్నారు. నాకింకా నీలం కనిపిస్తోంది సార్ అంటే, ముందు నీ కళ్లు చూపించుకో అన్నారు. కోప్పడలేదు ఆంటీ, నామీద జాలిపడి అన్నారు."

నేను ఆ చీటీ తీసి మళ్లీ చూశాను.

"మెషిన్ ఇంకా రాలేదు. రేపు మళ్లీ వెలిగిస్తున్నారు. సార్ గొట్టంలోకి చూసి పెంచండి అంటారు, వాళ్లు పెంచేస్తారు. క్రితంసారి వెళ్లిన సిలికా మీదే ఇది కూడా చేరితే రెక్కలు పాడైపోతాయి. పైవాళ్లకి చెబుదామంటే సార్ పేరు పోతుంది. చెప్పకపోతే టర్బైన్ పోతుంది. నాకేం చెయ్యాలో తోచట్లేదు. పని నేర్పిందే సార్."

అని, టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఇంకొకటి అడగనా? సార్ ఈమధ్య రోజూ నీలం చొక్కాలెందుకు వేసుకుంటున్నారు?" అంది.

"నీలం చొక్కాలా? ఆయనకి ఒక్క నీలం చొక్కా ఉంటే చూపించు. నా ఉతుకుకి వంక పెట్టేంత దానివయ్యావా?"

"వంక కాదాంటీ. మొన్న ల్యాబులో ఎవరో అడిగారు కూడా. ఇది తెలుపు కాదా, మీకు కళ్లున్నాయా అన్నారు సార్. అందరూ నవ్వారు. ఏం చూసి నవ్వుతున్నారో సార్‌కి అర్థం కాలేదు."

ఒంటికాలి మీద లేవబోయి ఆగిపోయాను. గుప్పిళ్లతో నీలిమందు పోసింది నేనే. అంత పోస్తే నీలం ఎక్కకుండా ఎలా ఉంటుంది? ఎంత పోశానో నాకు తెలుసు కాబట్టి, చొక్కా తీసి చూడకుండానే ఒప్పేసుకున్నాను. మరి రోజూ దాన్ని తొడుక్కుని గుండీలు పెట్టుకునే మనిషికి ఎందుకు తెలియలేదు? ఆ కళ్లని నమ్ముకునే కదా ఆయన ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగింది.

"నువ్వెవరికీ చెప్పకు. పొద్దున్న నేను చూసుకుంటా" అని అమ్మాయిని పంపించేశాను. చూసుకుంటానని అనడమైతే అన్నాను గానీ, ఎలాగో ఏమిటో నాకేం తెలుసు? మీ కళ్లు పోయాయండీ అని చెబితే నమ్మే మనిషా? నన్ను కూడా కళ్ల డాక్టరు దగ్గరికి పంపిస్తారు.

పొద్దున్న ఆయన స్నానానికి వెళ్లగానే ఐదు గాజు గ్లాసులు తీశాను. ఒక జగ్గులో నీలిమందు కలిపాను. ఒక గ్లాసులో ఉత్త నీళ్లు పోశాను. మిగతా వాటిలో ఒక చెంచా, రెండు చెంచాలు, అలా పెంచుకుంటూ జగ్గులోది కలిపాను. ఏ గ్లాసు ఏదో కాగితం ముక్క మీద రాసి అడుగున అంటించాను. వంటింటి కిటికీ కింద తెల్లగుడ్డ పరిచి, వరస తప్పించి నిలబెట్టాను. ఆయన పద్ధతే, ఆయన మీదకే.

"ఇదేమిటోయ్, ల్యాబు ఇంటికొచ్చింది?" అన్నారు తల తుడుచుకుంటూ.

"లేత నుంచి ముదురుకి వరసగా పెట్టండి. పెడితే టీ ఇస్తాను."

సరదాగా వచ్చి కూర్చున్నారు. రెండు గ్లాసులు చటుక్కున తీసి ఆ చివర పెట్టారు. అవి ఎవరికైనా తెలిసేవే. మిగిలిన మూడింటినీ పైనుంచి చూశారు, పక్కనుంచి చూశారు, ఒకటి ఎత్తి వెలుతురుకి పట్టారు.

"ఈ మూడూ నీళ్లేగా?"

"కాదు."

"నీలిమందు అడుక్కి దిగిపోయి ఉంటుంది. కలిపావా?" అని తనే చెంచా పెట్టి తిప్పారు. "ఈ గ్లాసులు ఒక్క మందం కావు, అలాగైతే తేడా వస్తుంది." గ్లాసుల్ని అటూ ఇటూ జరిపి మళ్లీ చూశారు. "కిటికీ మీద నీడ పడుతోంది" అని మొత్తం గ్లాసులన్నీ గుడ్డతో సహా వరండాలోకి పట్టుకెళ్లారు. "అసలు నీ మందు పాతది."

నేను గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాను. మందు పాతది, గ్లాసు మందం, కిటికీ నీడ. ఆ అమ్మాయి చెప్పిన వరసే. లోకంలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానిస్తున్నాడు మనిషి, ఒక్కదాన్ని తప్ప. తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

"గ్లాసుల అడుగున చూడండి" అన్నాను.

ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. నీళ్లే అన్న మూడింటిలో ఒకటే నీళ్లు. చివరిదాన్ని బోర్లించబోయినంత పని చేసి, జాగ్రత్తగా కింద పెట్టారు.

"నీకు కనిపిస్తోందా?" అని అడిగారు.

"నేనే కలిపానండీ, నాకు తెలీదా?"

ఆ మాటతో ఆయన వరండా మెట్టు మీద కూర్చుండిపోయారు. అప్పుడు ఆ అమ్మాయి తెచ్చిన చీటీ ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"దాని కళ్లకి జబ్బని పంపించానోయ్" అన్నారు. "పాపం, మారు మాట్లాడకుండా వెళ్లింది."

టీ ఇస్తే తాగారు. తాగే ముందు గ్లాసు తొలపలేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. "ఇవాళ సెలవు పెట్టేయండి. ఒంట్లో బాగాలేదని చెబితే సరి, ఎవరికీ ఏమీ తెలియదు" అన్నాను. తప్పో ఒప్పో, నా మనిషి నలుగురిలో తలదించుకోవడం నేను చూడలేను.

"ఇవాళ సరే. క్రితంసారిది?" అని లేచారు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

"ఈ చొక్కా తెల్లదేనా?"

"కొంచెం నీలం ఎక్కువైంది."

తల ఊపి, ఆ చొక్కాతోనే వెళ్లిపోయారు.

ఆరోజు ల్యాబులో ఏం జరిగిందో తర్వాత ఆ అమ్మాయే చెప్పింది. ఈయన వెళ్లగానే అల్మారా తెరిచి, దుమ్ము పట్టిన గొట్టాల వరస తీసి, తనే తుడిచి పలక పక్కన పెట్టారట. బాయిలర్ వెలిగాక మొదటి శాంపిల్ వచ్చింది. కంట్రోల్ రూముకి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టమని చెప్పి, మామూలుగా మాట్లాడినట్టే మాట్లాడారట.

"నా కళ్లకి నీలం ఆనట్లేదు. క్రితంసారి పెంచండి అని నేను చెప్పింది తప్పు. టర్బైన్ తెరిచినప్పుడు రెక్కలు చూసుకోండి, ఏమైనా పట్టి ఉంటే ఆ తప్పు నాది. ఇవాళ చూసేది అసిస్టెంట్ కెమిస్టు. తన మాటే నా మాట."

అమ్మాయి గొట్టంలోకి చూసింది, వరసతో పోల్చింది, మళ్లీ చూసింది. ఫోన్లో "ఆగండి" అంది. మధ్యాహ్నమూ అదే అంది. ఆ సాయంత్రం గోడ అవతలనుంచి బాయిలర్ ఇన్‌చార్జిగారి గొంతు వినిపించింది. "ఒక్కడితోనే చస్తున్నామంటే ఇప్పుడు ఇద్దరయ్యారే." ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

పైవాళ్లు ఆయన్ని పిలిచి బాగానే గడ్డిపెట్టారు. తర్వాత టర్బైన్ తెరిస్తే రెక్కల మీద తెల్లటి పొర పలచగా కనిపించిందట. అంతా పట్టకముందే తెలిసింది కాబట్టి తిప్పలుపడి వదిలించగలిగారు. బాగుచేయడానికి పంపిన మెషిన్ కూడా తిరిగొచ్చింది, దీనికేం రోగం లేదన్న కబురుతో. ఈయన దాన్ని తనే బల్ల మీద పెట్టి, గుడ్డతో తుడిచి, "క్షమించు తల్లీ" అన్నారట. అమ్మాయి ఈసారి నవ్వకుండా ఉండలేకపోయింది.

కళ్ల డాక్టరు చూసి, రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి పచ్చబడ్డాయన్నాడు. పసుపు రంగు అద్దం లోంచి చూస్తున్నట్టే, లేత నీలం ఎక్కడ కనిపిస్తుంది అన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశాడు. మొదటి కంటి కట్టు విప్పి ఇంటికొచ్చినరోజు ఈయన లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి ఆకాశం వంక చూస్తున్నారు. "ఇంత ఉందా?" అన్నారు. వంటింట్లోకి వచ్చి "గ్యాసు మంట నీలమన్న సంగతే మర్చిపోయానోయ్" అని పొయ్యి ముందు చిన్నపిల్లాడిలా నిలబడ్డారు. బట్టల అల్మారా తెరిచి ఎంతోసేపు చూశారు. చొక్కా తీసుకుని తొడుక్కున్నారు.

నేనేం తక్కువ తినలేదు. అమ్మాయి అన్న మాట పట్టించుకుని, నీలిమందు తగ్గించి చూశాను. చొక్కాలు మళ్లీ పచ్చగా కనిపించేసరికి ఒళ్లు మండి మళ్లీ గుప్పిళ్లకే వచ్చాను. ఆయన రెండో కన్ను కూడా బాగై, తిరిగి ల్యాబులో గొట్టాలు చూడటం మొదలుపెట్టి చాలా రోజులైంది. ఒక ఆదివారం పొద్దున్న నేను స్నానం చేసి వచ్చేసరికి వంటింటి కిటికీ కింద తెల్లగుడ్డ, దాని మీద ఐదు గ్లాసులు ఉన్నాయి.

"ఇప్పుడు నీ వంతు" అన్నారు. "వరసగా పెట్టు. టీ నేను పెడతా."

"నాకేం రోగం?" అంటూనే కూర్చున్నాను. ముదురువి రెండూ పక్కకి పెట్టాను. మిగతా మూడూ చూశాను. "నన్ను ఏడిపించడానికి మూడింట్లోనూ నీళ్లే పోశారు."

ఆయన పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టారు.

"ఈ నీలిమందు ఉత్త కల్తీ అని మొత్తుకుంటూనే ఉన్నా. అయినా ఈ కిటికీ దగ్గర వెలుగెక్కడుంది?" అంటూ గ్లాసులు వరండాలోకి తీసుకెళ్లడానికి లేచాను. నాలుగడుగులు వేశానో లేదో కాళ్లు ఆగిపోయాయి. ఆరోజు ఆయన వెళ్లిన దారే అది.

"ఆరోజు నేను అడిగింది, నీకు కనిపిస్తోందా అని" అన్నారు ఆయన మెల్లిగా. "తెలుసు అన్నావు. కనిపిస్తోందని అనలేదు."

నేను గ్లాసులు కింద పెట్టేసి కూర్చున్నాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాటికంటే ముందు కోపమొచ్చింది.

"మరి ఆ మాట పట్టుకుని ల్యాబుకి వెళ్లి అందరి ముందూ అంత మాట ఎలా చెప్పారు?"

"కలిపింది నువ్వు కదా. నీ చెయ్యి ఎప్పుడు తప్పింది?" అని టీ గ్లాసు నా ముందు పెట్టారు.

అదే డాక్టరు నాకూ ఆపరేషన్లు చేశాడు. కట్టు విప్పిన రోజు ఇంటికి రాగానే నేను ఆకాశం చూడలేదు, గ్యాసు మంట చూడలేదు. తిన్నగా వెళ్లి బట్టల అల్మారా తెరిచాను. లోపల ఒక్క తెల్లచొక్కా లేదు. వరసగా అన్నీ నీలం, కొన్ని లేత, కొన్ని ముదురు, ఆయన గొట్టాల వరసలాగే ఉన్నాయి. ఆయనకి కళ్లు వచ్చి ఎంత కాలమైంది? ఆ మొదటిరోజు ఇదే అల్మారా ముందు అంతసేపు నిలబడ్డారు. అన్నీ తెలిసి, ఇవే తొడుక్కుని, రోజూ ఆ ల్యాబుకి వెళ్లారు.

"నవ్వేవాళ్లా?" అని అడిగాను.

"కొన్నాళ్లు నవ్వారు. తర్వాత అలవాటైపోయింది."

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"నీకు కనిపించనప్పుడు చెబితే కొట్టువాడితో దెబ్బలాడేదానివి" అన్నారు. ఒక చొక్కా మడత సరిచేస్తూ, "అంత పొద్దున్నే లేచి ఉతికేదానివి, ఎలా వద్దనను?" అన్నారు.

నేను చొక్కాలన్నీ బయటికి లాగి చేతుల నిండా వేసుకుని పెరట్లోకి నడిచాను. బకెట్లో ఉత్త నీళ్లు పట్టి ముంచాను. నీళ్లు నీలమయ్యాయి. పారబోసి మళ్లీ పట్టాను. మళ్లీ నీలం. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పారబోస్తూ పడుతూ, పారబోస్తూ పడుతూ ఉన్నాను. చివరికి బకెట్లో నీళ్లు ఇంచుమించు నీళ్లలాగే కనిపించాయి. నడుం పట్టుకుని తలెత్తాను.

"ఇక చాలా?"

ఆయన వంగి పైనుంచి బకెట్లోకి చూశారు.

"ఆగు" అన్నారు. "ఇంకా కొంచెం ఉంది."

నిజమే, ఉంది. నాకూ కనిపిస్తోంది. ఆ నీళ్లు పారబోసి మళ్లీ కుళాయి తిప్పాను.